నీటికి దారి లేని కట్ట

2017 జూలై 25 రాత్రి మొదలై మర్నాడు తెల్లవారేదాకా చైనాలో షాన్‌షీ రాష్ట్రపు ఉత్తర భాగాన ఒక వాన కురిసింది. సుయిదె, జిజౌ అనే పట్టణాల చుట్టుపక్కల కొన్నిచోట్ల ఆ ఒక్క రాత్రే 200 మిల్లీమీటర్లు దాటింది. ఏడాది పొడవునా కలిపి 400 నుంచి 500 మిల్లీమీటర్లు మాత్రమే పడే చోటు అది. మన అనంతపురం కంటే కూడా కాస్త పొడి నేల. అక్కడి వూదింగ్ నదిలో, బైజియాచువాన్ అనే చోట ప్రవాహం సెకనుకు 4,480 ఘనపు మీటర్లకు చేరింది. అక్కడ నదిని కొలవడం మొదలుపెట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. పట్టణాల వీధులు బురదతో నిండిపోయాయి. వీధుల సంగతి వార్తల్లోకి ఎక్కింది. వాటికి ఎగువన, కొండల మధ్య వంకల్లో, మట్టి కోతను ఆపడానికి తరతరాలుగా కట్టుకుంటూ వచ్చిన చిన్న చిన్న కట్టల సంగతి మాత్రం నిపుణులు తర్వాత వెళ్లి వంక వెంట వంక చూస్తే గానీ తేలలేదు. కొన్ని తెగాయి, కొన్ని నిలిచాయి. వాన ఒకటే, మట్టి ఒకటే, రాత్రీ ఒకటే. మరి కట్టకూ కట్టకూ తేడా ఎక్కడ వచ్చింది? ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే. నా వాదన ముందే చెప్పేస్తాను. కుండపోతకు ఒక చిన్న కట్ట తెగిందంటే, చాలాసార్లు ఆ కట్ట వేసిన రోజునే నీటికి దారి వదలలేదని అర్థం. ఆ దారి ఎందుకు వదలలేదని అడిగితే జవాబు మేఘాల్లో దొరకదు, పనికి రాసుకున్న ఖర్చుల లెక్కలో దొరుకుతుంది.

ముందు ఆ నేల గురించి నాలుగు మాటలు. దాన్ని లోయెస్ పీఠభూమి అంటారు. విస్తీర్ణం దాదాపు 6 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగానికి రావు. లక్షల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పరిచిన సన్నటి పసుపుపచ్చ మట్టి అది. చాలాచోట్ల దాని మందం వంద మీటర్లకు పైమాటే. ఎండి ఉన్నంతకాలం నిట్టనిలువు గోడలా నిలబడుతుంది. తడిస్తే కుంగుతుంది, జారుతుంది, నీళ్లలో కలిసిపోతుంది. పసుపు నదికి ఆ రంగూ ఆ పేరూ ఇచ్చింది ఈ మట్టే. గత శతాబ్దం మధ్యకాలంలో ఆ నది ఏటా సగటున 160 కోట్ల టన్నుల మట్టిని మోసుకుపోయేది. ఇటీవలి దశాబ్దాల్లో అది 20, 30 కోట్ల టన్నుల స్థాయికి తగ్గింది. వాలు పొలాలను మెట్లుగా మార్చడం, 1999 నుంచి కొండల మీద సాగు మాన్పించి చెట్లూ గడ్డీ పెంచడం, పెద్ద జలాశయాలు, వీటన్నిటితో పాటు వంకలకు అడ్డంగా వేసిన కట్టలు కూడా ఆ తగ్గుదలకు కారణం. చిన్నవీ పెద్దవీ కలిపి అలాంటి కట్టలు అక్కడ 58 వేలకు పైగా ఉన్నాయి. అయిదు మీటర్ల ఎత్తు నుంచి పాతిక మీటర్లు మించినవాటి దాకా, దాదాపు అన్నీ మట్టి కట్టలే. 1569లో జిజౌ ప్రాంతంలో ఒక కొండచరియ విరిగి వంకకు అడ్డం పడితే, దాని వెనక మట్టి పేరుకుని చదునైన సాగునేల తయారైంది. కట్టల చరిత్రను అక్కడివాళ్లు ఆ కొండచరియ దగ్గర నుంచే చెప్పుకుంటారు. కట్ట వెనక చేరే నేల తేమను పట్టి ఉంచుతుంది, సారవంతంగా ఉంటుంది. వాలు పొలంలో కంటే మొక్కజొన్న అక్కడ ఎన్నో రెట్లు పండుతుంది. రైతుకు అది కోతను ఆపే కట్టడం మాత్రమే కాదు, పొలాన్ని పుట్టించే కట్టడం.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీళ్ల కోసం కట్టిన చెరువులో పూడిక చేరితే అది నష్టం. మట్టి కోసం కట్టిన కట్ట వెనక పూడిక చేరితే అది విజయం. అయితే వెనక చేరిన ప్రతి అడుగు మట్టీ వరద వచ్చిననాడు నీరు నిలవాల్సిన చోటును ఆక్రమిస్తుంది. కట్టినప్పుడు లక్ష ఘనపు మీటర్లు పట్టే కట్ట పదిహేను, ఇరవై ఏళ్లకు ఇరవై వేలు పట్టే స్థితికి వస్తుంది. పని బాగా చేసినందుకే అది బలహీనపడుతుందన్నమాట. పైగా ఆ బలహీనత కంటికి కనబడదు. పచ్చటి పొలం కనబడుతుంది, దాని చివర గట్టు కనబడుతుంది. ఆ గట్టుకు వరదను ఆపే ఎత్తు ఇంకా ఎంత మిగిలి ఉందో ఎవరూ కొలవరు. కట్టడం అంటే ఒకసారి కట్టి లెక్కలో రాసుకునే వస్తువనుకునే పద్ధతికి ఈ మార్పు అసలే అందదు.

ఇప్పుడు వాన లెక్క చూద్దాం. కాగితం లేకపోయినా పట్టుకోగలిగిన లెక్కే ఇది. ఒక చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం నీరు లక్ష ఘనపు మీటర్లు. అందులో సగం నేలలో ఇంకినా 50 వేలు వంకలోకి వస్తాయి. చైనా వర్గీకరణలో చిన్న కట్ట అంటే 10 వేల నుంచి లక్ష ఘనపు మీటర్ల దాకా పట్టేది. అంటే ఒక మోస్తరు పెద్ద వానకే కొన్ని చిన్న కట్టలు అంచుదాకా నిండుతాయి. ఇక వాన రెట్టింపైతే వరద రెట్టింపుతో ఆగదు. నేల మొదటి 40 మిల్లీమీటర్లను తాగేస్తుందనుకుందాం. 80 మిల్లీమీటర్ల వానకు 40 పారుతుంది. 160 మిల్లీమీటర్ల వానకు 120 పారుతుంది. వాన రెండింతలు, పారే నీరు మూడింతలు. రోజంతా మెల్లగా కురిసే వాన కంటే మూడు నాలుగు గంటల్లో దంచికొట్టే వాన కట్టకు ప్రమాదమయ్యేది కూడా ఇందుకే: నేలకు తాగే వ్యవధి ఉండదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు కాబట్టి, ఇలాంటి కుండపోతలు తరచు కావడమే తప్ప తగ్గే సూచన లేదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. తెలంగాణలో అది రికార్డు. ఆ అంకెను ఊహించి వంక మీద కట్ట కట్టినవాళ్లు ఎవరూ ఉండరు.

నిండిన కట్ట ఎలా తెగుతుందో వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే మందు ఆ వివరంలోనే ఉంది. ఎక్కువ కట్టలు పొర్లి తెగుతాయి. నీరు గట్టు మీదికెక్కి వెనక వాలు వెంట దిగుతుంది. అయిదు మీటర్ల ఎత్తు నుంచి దిగే నీరు, రాపిడిని పక్కన పెడితే, అడుగుకు చేరేసరికి సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగం అందుకుంటుంది. రాపిడి అందులో సగం మింగేసినా మిగిలిన వేగం చాలు. గడ్డి దట్టంగా పట్టిన మట్టి కూడా సెకనుకు రెండు మీటర్లకు మించితే చాలాసేపు ఓర్చుకోలేదు. బోసి మట్టి ఒక మీటరుకే లేచిపోతుంది. కోత కట్ట మడమ దగ్గర మొదలై పైపైకి తొలుచుకుంటూ వస్తుంది. గట్టు అంచును తాకిన క్షణం నుంచి పని త్వరగా పూర్తవుతుంది: గండి పడుతుంది, పడిన గండిలోకి నీరంతా మళ్లుతుంది, మళ్లినకొద్దీ గండి పెద్దదవుతుంది. గట్టు మీద ఎక్కడో ఒక జానెడు లోతున బండి దారో, పశువుల బాటో ఉంటే నీరు అక్కడే ఎక్కుతుంది. ఇక రెండో రకం. అలుగు ఉంటుంది, కానీ అలుగు చివర నీరు పడే చోట రాళ్ల పరుపు ఉండదు. పడే నీరు అక్కడ గుంత తవ్వుతుంది, గుంత వెనక్కి జరుగుతూ అలుగునే కూల్చేస్తుంది. మూడో రకం తూము వెంట. గొట్టానికీ మట్టికీ మధ్య సరిగా దిమ్మిస కొట్టని సందులోంచి నీరు ఊరి, మట్టిని రవ్వరవ్వగా మోసుకుపోయి, లోపల బిలం చేస్తుంది. పైకి కట్ట నిలబడే ఉంటుంది. ఒకనాటి వరదకు లోపల బోలైన చోట కుంగుతుంది. కట్ట ఒడ్డును కలిసే రెండు చివరలు నాలుగో బలహీన స్థానం. ఈ నాలుగింటిలో ఒక్కదానికి కూడా కట్టను ఇంకొంచెం ఎత్తు చేయడం మందు కాదన్నది గమనించండి. ఎత్తు పెంచితే వెనక నిలిచే నీరు పెరుగుతుంది, దిగే నీటి వేగమూ పెరుగుతుంది.

ఒక కట్ట తెగితే ఒక కట్టే పోతుందా? వంకలో కట్టలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై కట్ట తెగితే, అది అప్పటిదాకా పట్టి ఉంచిన నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. కింది కట్ట తన పరీవాహకం నుంచి వచ్చే వాననీటికి లెక్క కట్టినదే తప్ప ఈ నీటికి లెక్క కట్టినది కాదు. 2010 ఆగస్టులో గన్సు రాష్ట్రంలోని ఝౌచూ పట్టణం మీదికి రాళ్లూ బురదా కలిసిన వరద దూకి 1,500 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ పట్టణానికి పైనున్న వంకలో అలాంటి ప్రవాహాన్ని ఆపడానికే రాతి కట్టలు కట్టి ఉన్నాయి. అవి వరసగా పగిలి, తమ వెనకున్న రాళ్లనూ మట్టినీ కూడా ప్రవాహానికి అప్పగించాయి. గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన మనకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద జరిగింది చూడండి. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ వరద అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది, దాని మట్టికట్ట కొట్టుకుపోయింది, దిగువ పల్లెల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అవి వంకల మీది చిన్న కట్టలు కావు, నిజమే. సూత్రం మాత్రం అదే. వంకలో కట్టలు ఎన్ని ఉన్నా, పైనున్న అతి బలహీనమైన కట్ట ఎంతవరకు ఆగగలదో కింది ఊరికి ఉన్న రక్షణ అంతవరకే.

ఇంత తెలిసినా అలుగు లేని కట్టలు ఎందుకు పుట్టుకొచ్చాయి? నా దృష్టిలో అసలు విషయం ఇది. లోయెస్ పీఠభూమి మీద కట్టలు ఎక్కువగా లేచింది 1950ల నుంచి 1970ల దాకా, ఊళ్లకు ఊళ్లను పారలు, తట్టలతో కదిలించిన ఉద్యమాల కాలంలో. మనుషులు కావలసినంత మంది, మట్టి కాలి కిందే. లేనివి రాయి, సిమెంటు, ఇనుము. మనుషులతో, మట్టితో అయ్యేది కట్ట. రాయీ సిమెంటూ అడిగేది అలుగు, తూము. కాబట్టి వేల కట్టలు ఒట్టి గట్టులుగానే మిగిలిపోయాయి. 1977 వేసవిలో యెనాన్ ప్రాంతపు కుండపోతలకు పెద్ద సంఖ్యలో తెగినవి ఇలాంటివే. ఇక మన దగ్గరికి రండి. వాటర్‌షెడ్ అభివృద్ధికి సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో పరీవాహకాన్నంతా ఒకే పనిగా చూడాలని, ప్రజల చేతికి పని అప్పగించాలని చెప్పింది. ఆ తర్వాత మన పల్లెల్లో ఊటచెరువులు, చెక్‌డ్యామ్‌లు, రాతికట్లు వేలకొద్దీ వచ్చాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద పనులు జరిగినప్పుడు ఖర్చులో కూలికి కనీసం 60 శాతం పోవాలని, సామగ్రికి 40 శాతం మించకూడదని నియమం ఉండేది. కూలిజనం పక్షాన నిలిచే ఆ నియమం న్యాయమైనదే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నియమం నీడలో మట్టిపని సులువుగా మంజూరయ్యేది, రాతి అలుగుకు డబ్బు వెతుక్కోవలసి వచ్చేది. రాజకీయాలు వేరు, దేశాలు వేరు, కాలాలు వేరు. ఫలితం మాత్రం ఒక్కటే: మట్టి పుష్కలం, నీటి దారి కరువు.

దీనికి మూడు అభ్యంతరాలు వినబడతాయి. తెగిపోయేటప్పుడు అసలు కట్టడమే ఎందుకు, చెట్లు పెంచితే చాలదా అన్నది మొదటిది. చెట్లు కావలసిందే. మామూలు వానల్లో వాలును కాపాడేవి వేర్లే. అయితే 2017 నాటి వాన పడింది, దాదాపు రెండు దశాబ్దాలుగా పచ్చదనం తిరిగి పెరిగిన కొండల మీదే. అయినా నది రికార్డు స్థాయికి పొంగింది. నేల ఒక హద్దు దాకా తాగుతుంది. ఆ తర్వాత వంక అడుగునా, ఒడ్డులోనా జరిగే కోతను ఆకు ఆపలేదు. వంక అడుగును పైకెత్తి, ఒడ్డు కాలికి ఊతమిచ్చే పని కట్టే చేయగలదు. ఇంకో మాట కూడా ఈ అభ్యంతరానికి జవాబుగా నిలుస్తుంది. కట్ట తెగినచోట కూడా వెనక చేరిన మట్టి అంతా పోదు. గండి ఎదుట ఒక పాయ కోసుకుపోతుంది. రెండు పక్కలా పొలం చాలావరకు నిలిచే ఉంటుంది. దశాబ్దాల పని ఒక్క రాత్రిలో సున్నా అయిందనడం తప్పు. అలాగని నష్టం లేదనడమూ తప్పే. ఆ పాయను పట్టించుకోకుండా వదిలేస్తే వానవానకూ వెనక్కి కోసుకుంటూ పోయి మిగిలిన పొలాన్నీ తింటుంది. గండి పడిన ఏడాదే పూడ్చాలనేది అందుకే.

రెండో అభ్యంతరం ఇంజనీర్లది, బరువైనది. నూరేళ్లకోసారి వచ్చే వానకు తట్టుకునేలా ప్రతి చిన్న కట్టనూ కడితే దేశంలో డబ్బు చాలదు అంటారు. నిజమే. చిన్న కట్టడాలను పదేళ్లకోసారో, ఇరవై ఏళ్లకోసారో వచ్చే వానకు లెక్కగట్టడం అందుకే ఆనవాయితీ. కానీ ఆ మాటకు అర్థమేమిటో పూర్తిగా చూద్దాం. ఇరవై ఏళ్లకోసారి వచ్చే వానంటే ఏ ఏడాదైనా అది మించే అవకాశం 5 శాతం. కట్ట ఇరవై ఏళ్లు నిలవాలనుకుంటే, ఆ ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా లెక్కకు మించిన వాన వచ్చే అవకాశం 64 శాతం. రాకపోవడం కంటే రావడమే ఎక్కువ సంభవమన్నమాట. అలాంటప్పుడు మించిన వాన అనుకోని ఆపద కాదు, కట్ట బతుకులో ఒక భాగం. మించిన వాననంతా ఆపమని నేనూ అడగడం లేదు. మించినప్పుడు నీరు ఎక్కడి నుంచి దిగాలో ముందే నిర్ణయించమంటున్నాను. గట్టులో ఒక చోట కావాలనే తక్కువ ఎత్తు ఉంచి, అక్కడ రాయి పరచి, కింద నీటి దెబ్బ కాసుకునే పరుపు వేస్తే కట్ట పొర్లినా తెగదు. చైనాలో ఇటీవల కట్ట వెనక వాలు మీది మట్టిని సిమెంటు వంటి వాటితో గట్టిపరచి, పొర్లినా ఓర్చుకునే కట్టలు కట్టి చూస్తున్నారు. ఇంకా చవక దారి మన రాతికట్లలోనే ఉంది: తక్కువ ఎత్తు, రాళ్ల సందుల్లోంచి నీరు జారే వీలు, మధ్యలో పల్లంగా ఉంచిన దారి. అది చెదిరినా పైనుంచి చెరువంత నీరు దూకదు.

మూడోది రైతులది. అలుగు పెడితే నీళ్లు పోతాయి కదా అంటారు. వానకు మొహం వాచిన ఊళ్లో ఆ మాట అనడం సహజం. అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీరు ఆపుకోవడం మన చెరువుల దగ్గర ఎరగనిది కాదు. లోయెస్ రైతుది దీనికి సరిగ్గా తలకిందులైన కష్టం. కట్ట వెనక పొలంలో నీరు నిలిస్తే అతని మొక్కజొన్న మునుగుతుంది. ఒకరు నీరు పోకూడదంటారు, ఇంకొకరు నిలవకూడదంటారు. చివరికి రెండు చోట్లా ప్రమాదానికి గురయ్యేది అదే కట్ట. మన రైతుకు నా జవాబు ఇది: బస్తాలతో ఆపిన ఆ అడుగు నీరు మంచి ఏడాదిలో ఒక తడి ఇస్తుంది; చెడ్డ రాత్రి గండి పడితే ఆ ఏడాది నీళ్లే కాక, మళ్లీ కట్ట వేసేదాకా వచ్చే ఏడాదుల నీళ్లూ పోతాయి. ఇది రైతుకు తెలియని లెక్క కాదు. గండి పూడ్చే ఖర్చు ఎవరిదో ముందే తేలితే ఆ లెక్క అతనే వేసుకుంటాడు. ఇప్పుడు తేలదు. కట్టినవారు వెళ్లిపోతారు, ఊరి వాటర్‌షెడ్ కమిటీ గడువు ముగుస్తుంది, కట్ట మాత్రం వంకలో ఉంటుంది.

కాబట్టి ఒక చిన్న పని ప్రతిపాదిస్తాను. ప్రతి కట్ట మీదా, ఊరివాళ్లకు కనబడే చోట, మూడు అంకెలు రాయాలి. పైనుంచి ఎంత విస్తీర్ణంలోని వాననీరు దీని మీదికి వస్తుందన్నది ఒకటి. పొర్లకుండా ఎన్ని మిల్లీమీటర్ల వానను ఓర్చుకుంటుందన్నది రెండు. పూడిక చేరగా ఇంకా ఎంత ఖాళీ మిగిలిందన్నది మూడు. మొదటిది మారదు. మూడోది ఏటా మారుతుంది, దాంతో పాటు రెండోదీ మారుతుంది. ఏటా మే నెలలో, తొలకరికి ముందు, ఒక కొలకర్రా నలుగురు మనుషులూ ఉంటే ఈ కొలత అరపూట పని. అలుగులో పెరిగిన సర్కారు తుమ్మ నరకడం, తూము నోరు తెరవడం, గట్టు మీద పశువుల బాట పల్లమైతే మట్టి వేసి దిమ్మిస కొట్టడం కూడా ఆ అరపూటలోనే కలపవచ్చు. అంకెలు వంక పైనుంచి కిందిదాకా వరసగా రాసి చూస్తే ఏ కట్ట ముందు తెగుతుందో, తెగితే ఏది దాని కింద ఉందో కాగితం మీదే కనిపిస్తుంది. కొత్త కట్టకు మంజూరు అడిగేముందు ఆ వరసలో అన్నిటికంటే పైనున్న బలహీనమైన కట్టకు అలుగు పెట్టడానికి డబ్బు అడగాలి. మంజూరు చేసే అధికారి, ఇందులో కొత్తగా కట్టిందేముంది అని అడగవచ్చు. ఆయన ముందు ఆ మూడు అంకెల కాగితం పెట్టండి.